ఊరి మధ్య రన్‌వే

అబుధాబి నగరంలో చాలా భాగం ఒక దీవి మీద ఉంటుంది. ఆ దీవికి ఆగ్నేయం వైపు, షేక్ జాయెద్ గ్రాండ్ మసీదుకు దగ్గర్లో, ఇళ్లూ ఆఫీసులూ క్రీడా మైదానాల నడుమ సుమారు 3,200 మీటర్ల పొడవైన రన్‌వే ఒకటి ఉంది. దాని పేరు అల్ బతీన్ ఎగ్జిక్యూటివ్ ఎయిర్‌పోర్టు. ఎతిహాద్, ఇండిగో, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ లాంటి పేర్లేవీ ఇక్కడి విమానాల మీద కనిపించవు. ట్రాలీలు తోసుకుంటూ వరసల్లో నిలబడేవాళ్లుండరు. వచ్చిపోయేవన్నీ సొంత విమానాలో, అద్దెకు మాట్లాడుకున్న జెట్లో, హెలికాప్టర్లో. అలాగని ఇది ఏ కోటీశ్వరుడి సొత్తో కాదు, అబుధాబి ప్రభుత్వానిది. ఊళ్లో చాలామంది ఒక్కసారైనా లోపలికి అడుగుపెట్టని ఈ ప్రభుత్వ విమానాశ్రయం ఒకప్పుడు ఊరంతటికీ సింహద్వారం. పెద్ద విమానాలు వెళ్లిపోయాక మిగిలిన రన్‌వేని ఏం చేయాలన్న ప్రశ్న ప్రపంచంలో చాలా నగరాలకు ఎదురైంది. హైదరాబాద్‌కూ ఎదురైంది. అబుధాబి చెప్పుకున్న జవాబే అల్ బతీన్.

యజమాని ఎవరు?

మన దేశంలో చాలా విమానాశ్రయాలు కేంద్రం చేతిలోని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవి. శంషాబాద్ లాంటివి ప్రైవేటు భాగస్వామ్యంలో నడుస్తాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో లెక్క వేరు. యూఏఈ అంటే ఏడు ఎమిరేట్ల సమాఖ్య. పైలట్ల లైసెన్సులు, భద్రతా నిబంధనలు, విమానాల రిజిస్ట్రేషన్ వంటివి 1996లో ఏర్పడిన జనరల్ సివిల్ ఏవియేషన్ అథారిటీ అనే సమాఖ్య సంస్థ చూసుకుంటుంది. అక్కడ నమోదైన ప్రతి విమానం మీదా ‘ఏ6’తో మొదలయ్యే నంబరు ఉంటుంది. రన్‌వే, టెర్మినల్, వాటి కింది నేల మాత్రం ఆయా ఎమిరేట్లవి. అందుకే ఎవరి విమానాశ్రయం వాళ్లు కట్టుకున్నారు. దుబాయ్ 1960లోనే మొదలుపెట్టింది. రస్ అల్ ఖైమా 1976లో, షార్జా 1977లో, ఫుజైరా 1987లో ఆ బాట పట్టాయి. అబుధాబి ఎమిరేట్‌లోని రెండో పెద్ద ఊరు అల్ ఐన్‌కు 1994లో విమానాశ్రయం వచ్చింది. దుబాయ్ నుంచి షార్జా విమానాశ్రయానికి ఉన్న దూరం అటూ ఇటుగా ఉప్పల్ నుంచి మెహదీపట్నం వెళ్లినంత. ఒకే సంస్థ నిర్ణయం తీసుకునే దేశమైతే ఇంత దగ్గర దగ్గరగా రెండు అంతర్జాతీయ విమానాశ్రయాలు వచ్చేవి కావేమో.

అబుధాబి తన విమానాశ్రయాల కోసం 2006లో ఒక ప్రభుత్వ కంపెనీని పెట్టింది. ఇప్పుడు దాన్ని అబుధాబి ఎయిర్‌పోర్ట్స్ అంటున్నారు. దాని చేతిలో ఐదు విమానాశ్రయాలున్నాయి. మొదటిది ప్రధాన విమానాశ్రయం. 2024 ఫిబ్రవరి నుంచి దాని పేరు జాయెద్ ఇంటర్నేషనల్. రెండోది అల్ ఐన్. పశ్చిమాన డెల్మా, సర్ బనీ యాస్ దీవుల్లో చిన్నవి రెండున్నాయి. ఐదోది అల్ బతీన్.

టైమ్‌టేబుల్ లేని విమానాలు

టైమ్‌టేబుల్ ప్రకారం టికెట్లమ్మి నడిపే విమానాలనూ, సైనిక విమానాలనూ పక్కన పెడితే ఆకాశంలో మిగిలేదాన్ని స్థూలంగా జనరల్ ఏవియేషన్ అంటారు. కచ్చితమైన అంతర్జాతీయ నిర్వచనంలో కిరాయికి తిరిగే చార్టర్ విమానాలు ఇందులోకి రావు, వాటిది వాణిజ్య విభాగం. వ్యవహారంలో మాత్రం ఆ గీత చెరిగిపోయింది. ప్రైవేటు జెట్టు యజమానిని మోసినా, కిరాయిదారుని మోసినా దిగేది ఒకే చోట, చూసుకునేది ఒకే సిబ్బంది.

ఈ మాట వినగానే సంపన్నుల విలాసం కళ్లముందు మెదులుతుంది కానీ, అది సగం నిజమే. రోగిని స్ట్రెచర్ మీదే మరో దేశపు ఆస్పత్రికి చేర్చే ఎయిర్ అంబులెన్సు, సముద్రంలోని చమురు రిగ్గుల మీదికి ఇంజినీర్లను మోసే హెలికాప్టరు, పైలట్ కావాలనుకునే కుర్రాడు గంటల లెక్కన ఎగిరే రెండు సీట్ల విమానం, భూముల సర్వే చేసేవి, ఎక్కడో ఆగిపోయిన యంత్రానికి విడిభాగం పట్టుకెళ్లేవి... అన్నీ ఈ గొడుగు కిందికే వస్తాయి. యూఏఈలో ఈ పనులు తలా ఒక చోట స్థిరపడ్డాయి. పైలట్ శిక్షణకు అల్ ఐన్, ఫుజైరా పేరు తెచ్చుకున్నాయి. తేలికపాటి విమానాల సరదా తీర్చుకునేవాళ్లకు రస్ అల్ ఖైమాలోని అల్ జజీరా ఏవియేషన్ క్లబ్ ఉంది. దుబాయ్‌లో ప్రైవేటు జెట్ల రాకపోకలు చాలావరకు 2010లో మొదలైన అల్ మక్తూమ్ విమానాశ్రయానికి మళ్లాయి. అల్ బతీన్ వాటాకు వచ్చింది వ్యాపార జెట్లు, హెలికాప్టర్లు.

పన్నెండేళ్ల సింహద్వారం

అబుధాబిలో చమురు ఎగుమతి 1962లో మొదలైంది. షేక్ జాయెద్ 1966 ఆగస్టులో పాలకుడయ్యాక ఆ డబ్బు రోడ్లుగా, ఆస్పత్రులుగా, ఇళ్లుగా మారసాగింది. దీవినీ ప్రధాన భూభాగాన్నీ కలుపుతూ మక్తా వంతెన 1968లో వచ్చింది. అంతకుముందు ఇసుక మీద విమానాలు దించిన ఊరికి 1970లో సరైన విమానాశ్రయం దక్కింది. అదే అల్ బతీన్. ఆ పేరుతో దీవి పశ్చిమ తీరాన వేరే పేట ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు టాక్సీవాడికి ‘అల్ బతీన్’ అని మాత్రమే చెబితే అక్కడికే చేరే అవకాశం ఎక్కువ.

1971 డిసెంబరు 2న ఎమిరేట్లు ఏకమై దేశమైనప్పుడు రాజధానికి ఉన్న ఆకాశమార్గం ఈ ఒక్క రన్‌వేనే. 1973 తర్వాత చమురు ధరలు ఎగబాకాయి, నిర్మాణాలు జోరందుకున్నాయి, పనివాళ్లు కావాల్సి వచ్చారు. దక్షిణాసియా నుంచి మేస్త్రీలు, వడ్రంగులు, డ్రైవర్లు, గుమస్తాలు విమానమెక్కారు. బహ్రెయిన్, ఖతార్, ఒమన్‌లతో కలిసి అబుధాబి 1974 నుంచి గల్ఫ్ ఎయిర్‌కు ఉమ్మడి యజమాని అయింది. ఆ దశకంలో అబుధాబికి నేరుగా విమానంలో వెళ్లినవాళ్ల పాస్‌పోర్టుల మీద ముద్ర పడింది ఇక్కడే. నిజామాబాద్, కరీంనగర్, కోనసీమ, కడప ప్రాంతాల్లో ‘గల్ఫ్ పోయొచ్చిన’ తొలితరం మనుషులు ఇప్పుడు వృద్ధులు. వాళ్లలో అబుధాబిలో దిగినవాళ్లు చూసిన విమానాశ్రయం ఇవాళ మనవలు దిగుతున్నది కాదు.

ఆ పన్నెండేళ్లలో ఒక నెత్తుటి రోజు కూడా ఉంది. 1977 అక్టోబరు 25న సిరియా విదేశాంగ మంత్రి అబ్దుల్ హలీమ్ ఖద్దామ్‌కు వీడ్కోలు చెప్పడానికి యూఏఈ విదేశాంగ సహాయమంత్రి సైఫ్ ఘొబాష్ విమానాశ్రయానికి వచ్చారు. ఖద్దామ్‌కు గురిపెట్టిన తూటాలు ఘొబాష్‌కు తగిలాయి. కొత్త దేశం తన తొలితరం దౌత్యవేత్తను అలా పోగొట్టుకుంది.

దీవి మీద జాగా కొద్ది. ఊరు పెరుగుతున్నకొద్దీ భవనాలు రన్‌వే చుట్టూ ముసురుకున్నాయి. రెండో రన్‌వే వేయడానికి చోటు లేదు, జంబో జెట్ల రద్దీ పెరుగుతోంది. దాంతో వంతెన అవతల, నగర కేంద్రానికి 30 కిలోమీటర్ల దూరంలో కొత్త విమానాశ్రయం కట్టి 1982లో తెరిచారు. పాతదాన్ని సైన్యం తీసుకుంది. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఊరివాళ్లకు అల్ బతీన్ అంటే ప్రహరీ, దాని వెనక నుంచి వినిపించే చప్పుడు. అంతే.

2008

2008లో అబుధాబి ఎయిర్‌పోర్ట్స్ కంపెనీ అల్ బతీన్‌ను సైన్యం నుంచి స్వాధీనం చేసుకుని ప్రైవేటు విమానాలకు కేటాయించింది. మధ్యప్రాచ్యంలో ప్రైవేటు జెట్ల కోసమే ఉన్న తొలి విమానాశ్రయం ఇదేనని సంస్థ ప్రచారం చేసుకుంది. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. చమురు, పెట్టుబడుల పనుల మీద వచ్చే పెద్దలకు సమయమే డబ్బు. వాళ్ల జెట్టు పెద్ద విమానాశ్రయంలో దిగితే ఎయిర్‌బస్సుల వరసలో వంతు కోసం వేచి ఉండాలి, ఆపైన ఊళ్లోకి అరగంట ప్రయాణం. అల్ బతీన్‌లో దిగితే ఆ రెండూ తప్పుతాయి. మరోవైపు ప్రధాన విమానాశ్రయానికీ లాభమే. పదిమందిని మోసే చిన్న జెట్టు దిగినా, మూడొందల మందిని మోసే పెద్ద విమానం దిగినా రన్‌వే మీద ఒక వంతు ఖర్చవుతుంది. పైగా పెద్ద విమానం వెనక రేగే గాలి సుడులు సద్దుమణిగేదాకా చిన్నదాన్ని మరింత ఎడంగా ఉంచాలి. చిన్నవాటిని వేరే చోటికి పంపితే పెద్దవాటికి జాగా దొరుకుతుంది.

2006లో మొదలైన ఫాల్కన్ ఏవియేషన్ సంస్థ ఇక్కడి నుంచే జెట్లు, హెలికాప్టర్లు నడుపుతోంది. జెట్లకు సేవలందించడానికి విమానాశ్రయ సంస్థే ‘ధాబీజెట్’ పేరుతో సొంత విభాగం పెట్టింది. తర్వాత దుబాయ్‌కి చెందిన జెటెక్స్ కూడా ఇక్కడికి చేరింది. ఇలాంటి సంస్థలను ఆ రంగంలో ఎఫ్‌బీవోలు అంటారు. ప్రైవేటు విమానానికి ఇంధనం, పార్కింగ్, శుభ్రత, భోజనం, ప్రయాణికులకు లాంజ్, పైలట్లకు విశ్రాంతి గది, కాగితాల పని... అన్నీ ఒక్కచోట సమకూర్చేది వీళ్లే.

2012 మార్చిలో ఇక్కడ తొలి అబుధాబి ఎయిర్ ఎక్స్‌పో జరిగింది. దుబాయ్ ఎయిర్ షోలా యుద్ధవిమానాలు, వందల కోట్ల ఒప్పందాల సందడి దానికి లేదు. అది చిన్న విమానాల పండగ. రెండు సీట్ల వాటి దగ్గర్నుంచి పెద్ద వ్యాపార జెట్ల దాకా, విమానాలు నిలిపే ఏప్రాన్ మీద వరసగా నిలిపి చూపించారు.

చక్రాలు ఆగాక

ప్రైవేటు జెట్టు రాక పైకి ఎంతో సునాయాసంగా కనిపిస్తుంది. దాని వెనక పని మాత్రం విమానం బయల్దేరక ముందే మొదలవుతుంది. ఎఫ్‌బీవో ఉద్యోగి దిగేందుకు అనుమతి, వేళ, పార్కింగ్ చోటు ముందే ఖాయం చేసుకుంటాడు. ప్రయాణికుల పాస్‌పోర్టు వివరాలు ఇమిగ్రేషన్‌కు చేరిపోతాయి. దిగిన జెట్టు ఏప్రాన్ మీదికి మలుపు తిరిగాక, రంగు కర్రలు పట్టుకున్న మార్షలర్ దాని ముక్కుకు ఎదురుగా నిలబడి చేతుల సైగలతో గీత మీదికి రప్పిస్తాడు. చక్రాలు ఆగగానే అవి దొర్లకుండా ముందూ వెనకా చాక్స్ అనే అడ్డుదిమ్మెలు పెడతారు. ఇంజిన్లు ఆగిపోయినా లోపల ఏసీ నడవాలి. జులైలో తలుపులు మూసిన విమానం నిమిషాల్లో వేడెక్కిపోతుంది. అందుకే చక్రాల బండి మీద కరెంటు, చల్లగాలి అందించే యంత్రాలు పక్కనే సిద్ధంగా ఉంటాయి. మెట్లు కిందికి దిగుతాయి. కొద్దిమంది ప్రయాణికులే కాబట్టి పాస్‌పోర్టు తనిఖీ, కస్టమ్స్ త్వరగా అయిపోతాయి.

ప్రయాణికుల్లో కొన్నిసార్లు డేగలూ ఉంటాయి. గల్ఫ్ దేశాల్లో డేగల వేట పెద్దింటి సంప్రదాయం. అంతరించిపోయే ప్రమాదమున్న పక్షులు కాబట్టి వాటిని దేశం దాటించాలంటే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పత్రాలుండాలి. యూఏఈ 2002 నుంచి డేగలకు విడిగా పాస్‌పోర్టులు ఇస్తోంది. కాలికి తొడిగిన రింగు నంబరు అందులో ఉంటుంది. గడువు మూడేళ్లు. తలకు చిన్న తోలు టోపీ తొడిగిన డేగ కర్ర మీద కదలకుండా కూర్చుని ప్రయాణం చేస్తుంది.

ప్రయాణికులు వెళ్లిపోయాక అసలు పని. ఇంధనం మోసుకొచ్చిన బౌజర్ విమానం పక్కన ఆగుతుంది. గొట్టం తగిలించక ముందు బౌజర్‌నూ విమానాన్నీ ఒక లోహపు తీగతో కలుపుతారు. ఇంధనం పారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు నిప్పురవ్వ కాకుండా ఆ తీగ కాపాడుతుంది. కొంచెం ఇంధనం గాజు జాడీలోకి తీసి వెలుతురుకు పట్టి చూస్తారు. నీటి చుక్క ఉందేమో, నలక ఉందేమో తెలియాలి. ఇంధనంలోని నీరు పైన చలికి గడ్డకడితే ఇంజిన్‌కు దారి మూసుకుపోతుంది. రాత్రికి విమానం ఇక్కడే ఉంటే ఇంజిన్ నోళ్లకు మూతలు, గాలివేగం కొలిచే సన్నటి గొట్టాలకు తొడుగులు వేసి వాటికి ఎర్రటి పట్టీలు వేలాడదీస్తారు. ఎడారి ధూళికి ఈ జాగ్రత్త తప్పదు. ఆ పట్టీలు ఎర్రగా ఉండేది, ఎగిరే ముందు తీయడం ఎవరూ మరిచిపోకూడదని. గల్ఫ్ కూలీల కష్టాల గురించి మన పత్రికల్లో చాలా వచ్చింది, రావాలి కూడా. అయితే ఈ ఏప్రాన్‌ల మీద 45 డిగ్రీల ఎండలో చాక్స్ పెట్టేవాళ్లలోనూ, బౌజర్లు నడిపేవాళ్లలోనూ దక్షిణాసియావాళ్లే ఎక్కువన్న సంగతి అంతగా కనిపించదు.

గాలి, ఎండ, పొడవు

అల్ బతీన్ రన్‌వే వాయవ్య, ఆగ్నేయ దిశల్లో పరుచుకుని ఉంది. ఒక కొసన 13, మరో కొసన 31 అని రాసి ఉంటుంది. దిక్సూచి ప్రకారం 130 డిగ్రీలు, 310 డిగ్రీలు అన్నమాట, చివరి సున్నా తీసేశారు. ఈ దిశను గాలి నిర్ణయించింది. గల్ఫ్‌లో ఏడాదిలో ఎక్కువ కాలం వాయవ్యం నుంచి ‘షమాల్’ గాలి వీస్తుంది. విమానం ఎదురుగాలిలోకి పరిగెత్తితే రెక్కల మీద గాలివేగం త్వరగా పెరిగి తక్కువ దూరంలోనే లేస్తుంది, దిగేటప్పుడు తక్కువ దూరంలోనే ఆగుతుంది. కాబట్టి గాలికి ఎదురుగా రన్‌వే వేశారు.

ఎండ సంగతి ఇంకా ముఖ్యం. 15 డిగ్రీల చలిలో ఉండే గాలితో పోలిస్తే 45 డిగ్రీల వేడిగాలి సాంద్రత దాదాపు పదో వంతు తక్కువ. పలచటి గాలిలో రెక్కలకు ఆసరా తగ్గుతుంది, ఇంజిన్ల బలమూ తగ్గుతుంది. అదే విమానం, అదే బరువు, అయినా మధ్యాహ్నం వేళ లేవాలంటే మరింత దూరం పరిగెత్తాలి. నిండా ఇంధనం నింపుకుని యూరప్ వెళ్లాల్సిన పెద్ద వ్యాపార జెట్టుకు పొట్టి రన్‌వే దొరికితే కొంత ఇంధనమైనా దించుకోవాలి, రాత్రి చల్లబడేదాకానైనా ఆగాలి. ఎయిర్‌లైన్ల కోసం అప్పట్లో వేసిన పొడవాటి రన్‌వే వారసత్వంగా రావడంతో అల్ బతీన్‌కు ఆ బెడద లేదు. కొత్తగా ఎవరైనా జెట్ల కోసమే నగరం మధ్య విమానాశ్రయం కడతామంటే ఇంత పొడవు ఇచ్చేవాళ్లే కాదు.

సూర్యుడితో నడిచిన విమానం

అల్ బతీన్ పేరు ప్రపంచమంతా వినబడింది ఒకే ఒక్క విమానం వల్ల. స్విట్జర్లాండ్‌కు చెందిన బెర్ట్రాండ్ పికార్డ్, ఆండ్రే బోర్ష్‌బెర్గ్ తయారు చేయించిన సోలార్ ఇంపల్స్ 2 చుక్క ఇంధనం లేకుండా భూమి చుట్టి రావాలని బయల్దేరింది. దాని రెక్కల విస్తారం 72 మీటర్లు, బోయింగ్ 747 కంటే ఎక్కువ. బరువు మాత్రం 2.3 టన్నులే, ఓ పెద్ద కారంత. ఒంటి నిండా 17,248 సౌరఘటాలు. పగలు అవి నాలుగు మోటార్లను నడుపుతూ బ్యాటరీలను నింపుతాయి. చీకటిపడ్డాక ఆ బ్యాటరీలే దిక్కు. లోపల ఒక్క పైలట్‌కే చోటు.

ఇంత తేలికైన, ఇంత వెడల్పైన విమానానికి చిరుగాలి కూడా ప్రమాదమే. రద్దీ విమానాశ్రయంలో దాన్ని ఎవరూ భరించలేరు. నెమ్మదిగా వస్తుంది, నెమ్మదిగా పోతుంది, దాని కోసం మిగతావన్నీ ఆగాలి. అల్ బతీన్‌లో టైమ్‌టేబుల్ గొడవ లేదు. పొడవైన రన్‌వే ఉంది. ఆతిథ్యానికి అబుధాబి ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థ మస్దార్ ముందుకొచ్చింది. 2015 మార్చి 9 ఉదయం 7 గంటలు దాటాక బోర్ష్‌బెర్గ్ దాన్ని లేపి మస్కట్ వైపు మళ్లించారు. మర్నాడు రాత్రికి అది అహ్మదాబాద్ చేరింది, అక్కడి నుంచి వారణాసి, మాండలే, చైనా, జపాన్. నగోయా నుంచి హవాయికి బోర్ష్‌బెర్గ్ ఒంటరిగా దాదాపు 118 గంటలు ఏకబిగిన నడిపారు. ఆ ప్రయాణంలో బ్యాటరీలు వేడెక్కి పాడవడంతో తొమ్మిది నెలలకు పైగా హవాయిలోనే ఆగాల్సి వచ్చింది. మళ్లీ లేచి అమెరికా, అట్లాంటిక్, స్పెయిన్, ఈజిప్టు దాటుకుని 2016 జులై 26 తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో అల్ బతీన్ రన్‌వే మీద దిగింది. చివరి అంచెలో పైలట్ పికార్డ్. మొత్తం 17 అంచెలు, 40 వేల కిలోమీటర్ల పైచిలుకు. చమురు రాజధానిలో మొదలై అక్కడే ముగిసిన యాత్ర అది.

కుదరని ప్రయోగం

అల్ బతీన్‌ను మామూలు ప్రయాణికులకు కొంతైనా తెరవాలన్న ప్రయత్నం ఒకటి జరిగింది. రొటానా జెట్ అనే స్థానిక సంస్థ 2012లో ఇక్కడి నుంచి డెల్మా, సర్ బనీ యాస్ దీవులకూ, ఇతర ఎమిరేట్లకూ చిన్న జెట్లు నడపసాగింది. సర్ బనీ యాస్ వన్యప్రాణుల దీవి, పర్యాటకుల ఆకర్షణ. డెల్మాలో పాతకాలం నుంచి జనావాసం ఉంది. వినడానికి బాగుంది కానీ దేశం చిన్నది, రోడ్లు నున్నటివి, పెట్రోలు చవక. అబుధాబి నుంచి ఫుజైరాకు మూడు గంటల్లోపు కారులో వెళ్లగలిగినవాడు విమానం ఎందుకెక్కుతాడు? కొన్నేళ్లకే ఆ సర్వీసులు ఆగిపోయాయి.

బేగంపేట, షార్జా, షికాగో

అల్ బతీన్ కథలో హైదరాబాదీలకు తెలిసిన ముఖం ఒకటి కనిపిస్తుంది. బేగంపేట విమానాశ్రయం నిజాం కాలంలో, 1930ల్లో రూపుదిద్దుకుంది. 1940ల్లో నిజాం సంస్థానం భాగస్వామ్యంతో పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్‌కు అదే ఇల్లు. ఆ సంస్థ 1953 జాతీయీకరణలో కలిసిపోయింది. బేగంపేటలో 1972లో వచ్చిన టెర్మినల్ 36 ఏళ్లు నగరానికి గుమ్మమైంది. ఒక పక్క వాయుసేన స్థావరం, మరో పక్క ఊరు. రన్‌వే పొడవు ఇంచుమించు అల్ బతీన్ అంతే. శంషాబాద్ తెరిస్తే బేగంపేటలో వాణిజ్య విమానాలు ఆపేయాలన్నది ఒప్పందం. దీనికి వ్యతిరేకంగా 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు దేశవ్యాప్తంగా ఆందోళనకు దిగారు. అయినా మార్చి 23న విమానాలన్నీ శంషాబాద్‌కు మారిపోయాయి. కొత్త విమానాశ్రయం దూరమన్న సణుగుడు 2009 అక్టోబరులో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చేదాకా సాగింది. అబుధాబి తన పాత రన్‌వేని జెట్లకు అప్పగించిన ఏడాదే బేగంపేటా జెట్లు, హెలికాప్టర్లు, శిక్షణ విమానాలు, వీఐపీల రాకపోకలకు పరిమితమైంది. అక్కడ ఎయిర్ ఎక్స్‌పో, ఇక్కడ రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా ప్రదర్శన. ఒక తేడా ఉంది. అబుధాబి ఈ మార్పును ప్రణాళికతో చేసి పేరు పెట్టుకుంది. బేగంపేటకు మాత్రం మిగిలిపోయిన పనులు వచ్చి చేరాయి.

అందరూ రన్‌వేని ఉంచుకోలేదు. షార్జాలో 1932లో బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు ఇండియా దారిలో రాత్రి ఆగడానికి ఏర్పడిన అల్ మహత్తా యూఏఈ తొలి విమానాశ్రయం. 1977లో కొత్తది వచ్చాక దాని రన్‌వే కింగ్ అబ్దుల్ అజీజ్ వీధిగా మారింది. కార్లు దాని మీదే తిరుగుతున్నాయి. కంట్రోల్ టవర్, పాత విశ్రాంతి గృహం మ్యూజియం అయ్యాయి. బెర్లిన్ 2008లోనే టెంపుల్‌హోఫ్‌ను మూసేసింది. ఆ మైదానం ఇప్పుడు జనం గాలిపటాలెగరేసే పార్కు.

షికాగోలో జరిగింది వీటన్నిటికంటే మొరటుగా జరిగింది. మిషిగన్ సరస్సు ఒడ్డున, నగరం నడిబొడ్డుకు ఆనుకుని ఉన్న మెగ్స్ ఫీల్డ్ నగరపాలక సంస్థ నడిపిన విమానాశ్రయం, చిన్న విమానాలకు నిలయం. అక్కడ పార్కు కావాలని మేయర్ రిచర్డ్ డేలీ, విమానాశ్రయం ఉండాలని విమానదారులు ఏళ్ల తరబడి తగవులాడారు. 2003 మార్చి 30 రాత్రి మేయర్ పంపిన బుల్డోజర్లు రన్‌వే మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వేశాయి. తెల్లారేసరికి పదహారు విమానాలు ఎటూ ఎగరలేక చిక్కుకుపోయాయి. వాటిని తర్వాత టాక్సీవే మీది నుంచే లేపాల్సి వచ్చింది. ముందస్తు నోటీసు ఇవ్వనందుకు అమెరికా సమాఖ్య విమానయాన సంస్థ నగరానికి 33 వేల డాలర్ల జరిమానా వేసింది. పార్కు మాత్రం వచ్చింది.

పార్కుకు వెళ్లే జనం ఎక్కువ, జెట్టెక్కే జనం తక్కువ. ఆ లెక్కన షికాగో మేయర్ చేసిన తీరు తప్పయినా కోరిక తప్పు కాదు. అబుధాబిలో ఆ వాదన లేవనెత్తేవాళ్లు లేరు, వీధి పోరాటాలూ లేవు. ప్రభుత్వం ఏది మంచిదనుకుంటే అది. పెద్దల సౌకర్యానికే దీన్ని అట్టిపెట్టారనడం అన్యాయం కాదు. అయితే ఒకసారి ప్లాట్లు వేసి అమ్మిన రన్‌వే మళ్లీ దొరకదన్నదీ నిజమే. నగరం మధ్య ఖాళీ రన్‌వే ఉన్నప్పుడు ఎవరూ ముందు ఊహించని పనులు దాని మీద జరుగుతుంటాయి.

వాటిలో తాజాది ఎయిర్ టాక్సీ. అమెరికాకు చెందిన ఆర్చర్ ఏవియేషన్ తన ‘మిడ్‌నైట్’ విమానాన్ని 2025లో అల్ బతీన్‌లో ఎగరేసి పరీక్షించింది. గల్ఫ్ ఎండను, తేమను, దుమ్మును బ్యాటరీలు, మోటార్లు ఎలా తట్టుకుంటాయో చూడటం ఆ పరీక్షల్లో ఒక ముఖ్యాంశం. పన్నెండు రోటార్లతో, బ్యాటరీలతో నడిచే ఈ విమానం నిట్టనిలువునా లేస్తుంది, గాల్లో ముందువైపు రోటార్లు వంచుకుని మామూలు విమానంలా సాగుతుంది. పైలట్‌తో పాటు నలుగురు కూర్చోవచ్చు. అబుధాబి, దుబాయ్‌ల మధ్య కారులో గంటన్నర పట్టే దారిని అరగంట లోపే దాటించాలన్నది కంపెనీ లక్ష్యం. దీనికి మూడు కిలోమీటర్ల రన్‌వే అక్కర్లేదు. హెలిప్యాడంత చోటు, చార్జింగ్ సదుపాయం ఉంటే చాలు. అబుధాబిలోని క్రూయిజ్ టెర్మినల్ దగ్గరున్న హెలిపోర్టును హెలికాప్టర్లకూ ఎయిర్ టాక్సీలకూ పనికొచ్చేలా మార్చాలని ఇప్పటికే ఒప్పందం కుదిరింది.